అరగని అంచు

గోదాము వెనక షెడ్డు,
సోమవారం

తమ్ముడికి,

మూడు రోజులుగా ముసురు. రేకుల మీద చినుకులు పడుతుంటే నా మిల్లింగ్ మెషిన్ మోత సరిగ్గా వినబడదు. మోత వినబడకపోతే ఉక్కు కోసే కట్టరు ఎప్పుడు మొద్దుబారిందో తెలియదు. అందుకని నిన్న పని ఆపి, కప్పు కారుతున్న రెండు చోట్ల తారు పూశాను. ఇవాళ తెరిపిచ్చింది. ఏడింటికి మొదలుపెట్టి ఇప్పటికి ఒక్క ముక్క పూర్తి చేశాను. నాలుగుంబావు గంటలు పట్టింది.

ఏం ముక్క అంటావా? నూర్పిడి మెషిన్ల గేరు పెట్టెలో ఎదురెదురుగా ఉండే మూడు పళ్ళ బిళ్ళలు నీకు తెలిసినవే, మీ కంపెనీవే. లివరు వేస్తే ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లోకి దూరి డ్రమ్ము తిరుగుతుంది. ఇక్కడున్న పదహారు మెషిన్లలోనూ అవి అరిగిపోయాయి. పైరు కట్టలు కాస్త ఎక్కువ పడగానే పళ్ళు జారిపోయి డ్రమ్ము ఆగిపోతోంది. మీ కంపెనీ బిళ్ళలు విడిగా అమ్మడం మానేసింది. గేరు పెట్టె మొత్తం కొనాలట, అది కూడా రెండు నెలల తర్వాత ఇస్తారట. కోతలు ఆరు వారాల్లో మొదలవుతాయి. పంటకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మొన్న మెషిన్ల వాళ్ళందరూ మా షెడ్డు ముందు కూడారు. మీ కంపెనీ ఏజెంటు కూడా వచ్చాడు. నా మిల్లింగ్ మెషిన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఏమ్మా, ఈ కుట్టు మిషన్ మీద ఉక్కు కుడతావా?” అన్నాడు. అందరూ నవ్వారు. “కుడతాను, కొలతలివ్వండి” అన్నాను. కొలతలు కంపెనీ ఆస్తి అట. అక్కడితో నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊపులోనే పదహారు జతలూ నేనే చేసిస్తానని ఒప్పుకున్నాను. అందరికంటే పెద్ద మెషిన్ ఒకాయనది, గొంతు పెద్దదని ఆయన్ని మైకు అంటారు. పొలం మధ్యలో ఒక్క మెషిన్ ఆగినా ఈ షెడ్డు గుమ్మం ఇంకెవరూ తొక్కరని అక్కడే, అందరికీ వినబడేలా చెప్పాడు. సరే అన్నాను.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు నా మెషిన్ ఇంకా ఇనప ముక్కల కుప్ప. ఇప్పుడు నిలబడింది. నిలువు స్తంభం వంతెన పనిలో పారేసిన చదరపు గొట్టం. తల పాత డ్రిల్లింగ్ మెషిన్‌ది. బల్ల ఒక ముసలి లేతు మెషిన్ నుంచి ఊడదీసింది. మోటారు పిండి మర నుంచి తెచ్చింది. మీ బావ దానికి కలగూరగంప అని పేరు పెట్టాడు. చెక్కనీ అల్యూమినియాన్నీ వెన్నలా కోస్తుంది. ఉక్కు దగ్గరకొచ్చేసరికి వణుకుతుంది, కీచుమంటుంది. ఇరవై మిల్లీమీటర్ల కట్టరు పెట్టి, అర మిల్లీమీటరు చొప్పున దించుతూ పోతున్నాను. బిళ్ళకి నాలుగు గంటలైతే ముప్ఫై రెండింటికి ఎంతో నువ్వే లెక్క వేసుకో. అదయ్యాక మిగతా పనులు, ఇల్లు.

నాకు రెండు కావాలి. ఒకటి, ఆ బిళ్ళ డ్రాయింగు. రెండు, బలం లేని మెషిన్ మీద ఉక్కు త్వరగా కోసే దారి. బొమ్మలు గీసి చెప్పాల్సిన విషయం, ఫోనులో కుదరదు. ఉత్తరం రాయి.

అక్క


ఫ్యాక్టరీ గోడ పక్క అద్దె గది,
శుక్రవారం

అక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండగా ఉంది. పని మామూలే. రోజూ మూడు వందల ముక్కలు నా బల్ల మీదకి వస్తాయి. కొలిచి, మంచివి ఎడమ పక్క, చెడ్డవి కుడి పక్క పెడతాను.

డ్రాయింగు ఇవ్వలేను. తనిఖీ గదిలో చేరిన రోజే కాయితం మీద సంతకం పెట్టాను. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకూడదని అందులో రాసి ఉంది. మళ్ళీ అడగకు.

రెండోది చెప్పగలను. నువ్వు భయపడుతూ కోస్తున్నావు. పెద్ద కట్టరు పెట్టి పైపైన గీకుతున్నావు. గీకితే ఉక్కు తెగదు, ఒరుసుకుని ఇంకా గట్టిపడుతుంది. కట్టరు కొస ఒక్కటే మొద్దుబారుతుంది, పక్క అంచంతా కొత్తగానే మిగిలిపోతుంది. పది మిల్లీమీటర్ల కట్టరు పెట్టు. పన్ను ఎంత లోతో అంతా ఒకేసారి దింపు. కానీ పక్కకి మాత్రం అర మిల్లీమీటరే కొరకనివ్వు. ఫీడు, అంటే బల్ల కదలిక, నిలకడగా నడపాలి, చెయ్యి మధ్యలో ఆగకూడదు. రజను పొడిలా రాలితే గీకుతున్నట్టు. సూది ముక్కల్లా ఎగిరితే కోస్తున్నట్టు. ఆ ముక్కలు ఎండుగడ్డి రంగు తిరగాలి. నీలం తిరిగితే వేగం తగ్గించు. కట్టరు తిరిగే వైపుకే బల్లని నడుపు, నునుపు బాగా వస్తుంది, మా దగ్గర అలాగే చేస్తాం. ఆ గొట్టం బోలుగా ఉంటే ఇసుకా సిమెంటూ కలిపి పైదాకా పోయి. సగం వణుకు అక్కడే పోతుంది. బొమ్మలు వెనక గీశాను.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


గోదాము వెనక షెడ్డు,
ఆదివారం

తమ్ముడికి,

నీ కట్టరు నా చెవి పక్కనుంచి పోయింది. కంగారుపడకు, చెవి ఉంది.

తిరిగే వైపుకి నడపమన్నావు కదా. నడిపాను. నా బల్లని తోసే స్క్రూలో పావు మిల్లీమీటరు ప్లే ఉంది, అంతమేర వదులు. కట్టరు బల్లని తనవైపు లాక్కుని, ఆ పావునీ ఒక్క గుటకలో మింగి పెళ్ళున విరిగింది. ముక్క పోయి గోడకి గుచ్చుకుంది. మీ బావ ఆ గుంట చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టి, కింద ‘బావమరిది సలహా’ అని రాశాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. నీ మెషిన్ మీద బతికే మాట నా మెషిన్ మీద చస్తుంది, అది గుర్తుంచుకో. ఇప్పుడు ఎదురు దిక్కుకే నడుపుతున్నాను.

మిగతావన్నీ నిజమే. సన్న కట్టరు, నిండు లోతు, పక్కకి పల్చటి కొరుకు. గొట్టంలో సిమెంటు పోసి వారం ఆరనిచ్చాను. కలగూరగంప కీచుమనడం మానేసి గురక పెడుతోంది. రజను సూదుల్లా ఎగురుతోంది, చొక్కా చేతులు దించుకోవాల్సి వస్తోంది.

దానికి నేను రెండు చేర్చాను. పళ్ళ మధ్య పోవాల్సిన ఉక్కునంతా మిల్లింగే ఎందుకు చేయాలి? ముందే మీ బావ డ్రిల్లు మీద సందుకి మూడు చిల్లులు వేస్తున్నాడు. మెషిన్‌కి మిగిలేది ఆ గోడలు సాపు చేయడమే. రెండోది, మూడు చిల్లుల పళ్ళెం ఒకటి చేసి దాని మీద బిళ్ళ బిగించాను. ఒక పన్ను కాగానే మేకు తీసి పక్క చిల్లులో పెడితే రెండో పన్ను సరిగ్గా కట్టరు ముందుకి వస్తుంది. మళ్ళీ మళ్ళీ కొలిచే పని లేదు. నిన్న ఒక బిళ్ళ నలభై ఎనిమిది నిమిషాల్లో దిగింది.

డ్రాయింగు లేకపోతే ఏం? పదహారు జతల్లో అన్నిటికంటే తక్కువ అరిగినదాన్ని ఏరి, అచ్చు గుద్దినట్టు దించుతున్నాను. పంటి ముఖం కొంచెం బయటికి వాలి ఉంది. ఆ వాలు తేవడానికి బిళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి చచ్చే తంటా పడ్డాను. తెచ్చాను. ఉక్కు పాత లారీ ఇరుసులది. కాల్చి, బూడిదలో పూడ్చి మెత్తబరిచి కోస్తున్నాం. కోశాక మళ్ళీ కాల్చి నూనెలో ముంచుతున్నాం.

నీ శిక్షణ పరీక్షకి చదరపు ముక్క ఒకటి చేయాల్సి వచ్చింది, గుర్తుందా? ఒక మూల తగ్గిపోయిందని మొహం వేలాడేసుకుని ఇంటికి తెచ్చావు. రెండు సాయంత్రాలు కూర్చుని నేనే ఆకురాయి పట్టాను. దానికే నీకు మొదటి స్థానం వచ్చింది. డ్రాయింగు ఇవ్వనన్నావని ఎత్తిపొడవడం లేదు. గుర్తొచ్చింది, రాశాను.

అక్క


ఫ్యాక్టరీ గోడ పక్క అద్దె గది,
గురువారం

అక్కకి,

కట్టరు సంగతి తప్పు నాదే. మా మెషిన్ల స్క్రూలలో ప్లే ఉండదు. ఉండే మెషిన్ కూడా ఒకటి ఉంటుందని మర్చిపోయాను. బావ రాసింది చెరపొద్దు.

డ్రిల్లు చిల్లుల ఆలోచన బాగుంది. ఇక్కడ ఎవరికీ తట్టలేదు, తట్టాల్సిన అవసరమూ లేదు.

ఆ వాలు సంగతి ఇంకోసారి చూసుకో. ఇంతకంటే రాయలేను.

తమ్ముడు


గోదాము వెనక షెడ్డు,
బుధవారం

తమ్ముడికి,

ఎండగా ఉంది. ఆరు జతలు అయ్యాయి. మైకు మెషిన్‌లో ఒక జత వేశాం, పోయినేటి గడ్డివాము తీసి నూర్చి చూశాం. తిరిగింది.

చూసుకో అంటే ఏం చూసుకోవాలి? చెబితే నిండుగా చెప్పు, లేకపోతే ఊరుకో. పంటికింద రాయిలాంటి మాట ఒకటి పడేసి నోరు మూసుకోవడం చిన్నప్పటి నుంచీ నీకు అలవాటే.

పని ఉంది. ఉంటాను.

అక్క


ఫ్యాక్టరీ గోడ పక్క అద్దె గది,
మంగళవారం

అక్కకి,

నీ జత నా బల్ల మీదకి వచ్చింది.

ఏజెంటు పంపించాడు. మైకు మెషిన్‌లో వేసిన పూటే మూడుసార్లు జారిందట. ఆయన ఊడదీసి ఏజెంటు చేతిలో పెట్టాడట. నువ్వు నాకు ‘తిరిగింది’ అని మాత్రం రాశావు.

ఎవరు చేశారో కాయితం మీద లేదు. ఉండక్కర్లేదు. ప్రతి అంచుకీ ఆకురాయితో ఒక్క గీత, అదీ నీ ఎడమచేతి వాటంగా. పావుగంట దాన్ని ముట్టుకోకుండా కూర్చున్నాను. తర్వాత కొలిచాను.

రెండు బిళ్ళల్లో ఆరు పళ్ళు. ఆరింటికీ ముఖం బయటికి ఒక్కలాగే వాలి ఉంది, వెంట్రుకంత తేడా లేదు. ఇక్కడ కంప్యూటరు నడిపే మెషిన్ మీద కూడా అంత ఒకేలా రావు. కానీ నువ్వు దించింది బిళ్ళని కాదు, దాని అరుగుదలని. ముసలివాణ్ణి చూసి బొమ్మ గీసి, పుట్టబోయే బిడ్డకి ముడతలు పెట్టినట్టుంది. బయటికి వాలిన పళ్ళు బరువు పడగానే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. జారక ఏం చేస్తాయి?

పనికిరాదని రిపోర్టు రాశాను. సంతకం పెట్టాను. పెద్ద సారు సీలు వేశారు. అది ఏజెంటుకి వెళుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పంటి ముఖం వాలి ఉందని నువ్వు రాసిన రోజే నాకు తెలుసు. చెబితే డ్రాయింగులో ఉన్నది చెప్పినట్టవుతుందని ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పో ఒప్పో నాకింకా తేలలేదు. రిపోర్టు మాత్రం ఒప్పే. మైక్రోమీటరుకి అక్కా తమ్ముడూ ఉండరు.

తమ్ముడు


షెడ్డు,
శనివారం

రిపోర్టులు రాసే బాబుగారికి,

తమరి కాయితం ఏజెంటు మా గుమ్మం ముందే చదివాడు. కుర్చీ తెప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాడు. చదవడం అయ్యాక, “ఆమె తోడబుట్టినవాడే పనికిరాదని రాశాడు. ఇంక నేను చెప్పేదేముంది?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తొమ్మిదిమంది వెనక్కి తగ్గారు. గేరు పెట్టెలకి అక్కడికక్కడే పేర్లు రాయించుకున్నారు. మైకు చివరిదాకా ఉన్నాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. “అమ్మాయ్, నీ పట్టుదల మంచిదే. నా పంట దానికంటే పెద్దది” అన్నాడు.

నువ్వు అబద్ధం రాశావని అనను. కొలత కొలతే. అరుగుదలని దించానన్నది నిజం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని దించాను. అంత కష్టపడి తప్పు చేసినదాన్ని నన్నే చూశాను. నా కోపం నీ మైక్రోమీటరు మీద కాదు. నీ చేతిలో రెండు మాటలున్నాయి, ‘ముఖం అరిగింది’ అని. ఆ రెండు మాటలకి డ్రాయింగు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. అవి నువ్వు దాచుకున్నావు. ఆరు జతలు పోయాయి, అంతకంటే ఎక్కువ రోజులు పోయాయి.

నేనూ ఒకటి దాచాను. జారిందని రాయలేదు. తమ్ముడి ముందు ఓడిపోవడం నామోషీ అనిపించింది. ఇప్పుడు అందరి ముందూ ఓడిపోయాను కాబట్టి ఆ బాధ తీరింది.

పదహారు జతలూ చేస్తాను. వెనక్కి తగ్గిన తొమ్మిదిమందివి కూడా చేస్తాను. తీసుకోకపోతే పేర్లు రాసి గుమ్మానికి వేలాడదీస్తాను, కోతలయ్యేదాకా వస్తూ పోతూ చూస్తారు. మీ బావ వద్దనలేదు. తాడు మాత్రం గట్టిది తెస్తానన్నాడు.

జవాబు రాయక్కర్లేదు.


షెడ్డు,
సోమవారం

తనిఖీ గదికి,

ఎండ ముదిరింది. పైరు రంగు తిరుగుతోంది. ఇంకో రెండు వారాలు, అంతే.

అరిగిన జతలన్నీ బల్ల మీద పరిచాను. తక్కువ అరిగినదాన్ని ఏరుకోవడమే నా బుద్ధితక్కువ. దాంట్లో ఎక్కడిదాకా అరిగిందో తెలియదు. బాగా అరిగిపోయినదాన్ని తీసుకున్నాను, పారేయడానికి కూడా పనికిరానిదాన్ని. పంటి మొదట్లో, ఎదుటి పన్ను కొస ఎప్పుడూ చేరని చోట, గోరంత వెడల్పు పట్టీ మెట్టులా మిగిలి ఉంది. దాన్ని ఏదీ ముట్టుకోలేదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బ్లేడు ఆనించి వెలుతురుకి పెట్టి చూశాను. అది బయటికి వాలలేదు, నిటారుగానూ లేదు. లోపలికి వాలి ఉంది. అన్ని జతలూ తిప్పి చూశాను. కనిపించిన ప్రతిదాంట్లోనూ లోపలికే, మూడు డిగ్రీలు. అది కూడా తోసే ముఖానికి మాత్రమే, వెనక ముఖం నిటారు.

ఎందుకో రాత్రి కంచం ముందు కూర్చున్నాక తెలిసింది. లోపలికి వాలిన పళ్ళు బరువు పడేకొద్దీ ఒకదాన్నొకటి లోపలికి లాక్కుంటాయి. వాటిని విడదీయాలంటే డ్రమ్ము ఆపాల్సిందే. ఇది కనిపెట్టినవాడు బుద్ధిమంతుడు. దాన్ని అమ్మకుండా దాచినవాడు వేరే ఉంటాడు.

ఇది నాకు నువ్వు చెప్పలేదు. ఆ సంగతి ఎవరడిగినా చెప్పు, నేనూ చెబుతాను.

రేకు ముక్కల తంటా ఇంక లేదు. మూడు డిగ్రీల వాలుతో మందపాటి పలక ఒకటి సాపు చేసి బల్లకి బిగించాను. దాని మీద చిల్లుల పళ్ళేలు ఒకే వరసలో మూడు. కట్టరు ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరికి పోతే మూడు బిళ్ళలకి ఒక్కో ముఖం దిగుతుంది. మూడు మేకులూ మార్చి మళ్ళీ తోలడమే. ఒకటి బిగించి ఒకటి కోసినప్పుడు పోయే కాలమంతా మిగిలింది. మూడు బిళ్ళలకి గంటన్నర. పెద్ద మెషిన్‌కి బలం ఉంది, తొందర ఉండదు. కలగూరగంపకి బలం లేదు, అందుకని దానికి ఒక్క అడుగు కూడా వృథాగా వేయనివ్వను.

మైకు తన మెషిన్ ఇవ్వలేదు. మన నూర్పిడి మెషిన్‌లోనే బిగించి, తడిసిన గడ్డి కట్టలకి కట్టలు కుక్కాం. ముందు బెల్టు జారింది. బిగించి మళ్ళీ కుక్కాం. ఇంజను పొగ కక్కి ఆగిపోయింది. పళ్ళు జారలేదు. మీ బావ ఇంజన్ని చూసి ఒక పూట నాతో మాట్లాడలేదు.

దీంతో ఒక జత పంపుతున్నాను. తమ్ముడికి కాదు, తనిఖీ గదికి. మొదటి జత కొలిచిన బల్ల మీదే దీన్నీ కొలవండి. అదే ఫారం మీద రాయండి. పనికిరాకపోతే పనికిరాదనే రాయండి, నేనే చదివి వినిపిస్తాను. పనికొస్తే ఆ మాట రాసే ధైర్యం ఆ గదిలో ఉందో లేదో చూస్తాను.

మిల్లింగు పనిచేసే ఆమె


ఫ్యాక్టరీ గోడ పక్క అద్దె గది,
ఆదివారం

అక్కకి,

పొట్లం బుధవారం అందింది. పెద్ద సారు ముందే విప్పించాను, దాచి కొలిచానన్న మాట రాకూడదని. బయటి ముక్కలు కొలవడం మన పని కాదన్నారు. “పోయిన నెల కొలిచింది కూడా బయటి ముక్కే సార్” అన్నాను. అది వేరు అన్నారు. ఏం వేరో అడిగాను. నా వైపు చూసి, చెమట తుడుచుకుని, వేరే పని మీద వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక కొలిచాను. పక్క బల్ల పెద్దాయన డబ్బా మూసి పక్కన పెట్టి వచ్చాడు. ఆయనకి ఇంకో ఏడాదిలో ఉద్యోగం అయిపోతుంది. నేను కొలిచినవన్నీ ఆయన మళ్ళీ కొలిచాడు, నేను రాసింది చూడకుండా. తర్వాత రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఒక్క అంకె తేడా లేదు. “ఎవరిదీ చెయ్యి?” అని అడిగాడు. మా అక్కది అన్నాను. “ఎక్కడ నేర్చుకుంది?” అన్నాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నా పరీక్ష ముక్క కంటే ముందే నేర్చుకుని ఉండాలి.

డ్రాయింగులో ఏముందో ఇప్పటికీ చెప్పను. నీ బిళ్ళల కొలతలే రాశాను. కింద ‘పనికొస్తుంది’ అని రాశాను, నేనూ పెద్దాయనా సంతకాలు పెట్టాం. సీలు పెద్ద సారు సొరుగులో ఉంది, తాళం ఆయన దగ్గర ఉంది. నా దగ్గర ఉన్నది నా పంచి. తనిఖీ చేసే ప్రతివాడికీ తన నంబరు చెక్కిన ఉక్కు కడ్డీ ఇస్తారు, మంచి ముక్క మీద దాన్ని పెట్టి సుత్తితో కొట్టాలి. నాది ఇరవై ఏడు. నీ రెండు బిళ్ళల వీపు మీదా కొట్టాను. కాయితాన్ని చింపగలరు, దాన్ని చెరపాలంటే నీ మెషిన్ దగ్గరికే రావాలి.

జత, కాయితం గురువారమే రిజిస్టరు పోస్టులో పంపాను, ఈపాటికి అందుండాలి.

శుక్రవారం పిలిచారు. ఏజెంటు కూడా ఉన్నాడు. పొరపాటున కొట్టానని రాసివ్వమన్నారు. “పొరపాటు నా కొలతలో ఉంటే చూపించండి, ఇప్పుడే రాసిస్తాను” అన్నాను. ఎవరూ కొలవలేదు. డ్రాయింగు నీకు ఇచ్చానని అన్నాడు ఏజెంటు. ఇస్తే మొదటి జత అలా ఎందుకు వస్తుందని పెద్దాయన అడిగాడు, తలుపు దగ్గర నిలబడి, ఎవరూ పిలవకుండానే.

సోమవారం నుంచి తనిఖీ గదికి రావద్దన్నారు. గిడ్డంగిలో సంచులు లెక్కపెట్టే పని ఇచ్చారు. రాసిచ్చిన రోజు మళ్ళీ పైకి రావచ్చట. పంచి తిరిగిమ్మంటే ఇచ్చాను. రాసివ్వను. మొదటి కాయితం నిజం, రెండో కాయితం నిజం. రెంటిలో ఒకదాన్ని వెనక్కి తీసుకుంటే రెండోది కూడా అబద్ధమే అవుతుంది.

జాలిపడి రమ్మని రాయకు.

ముఖం అరిగిందని ఆ రోజే చెప్పాల్సింది. అది తప్పే. ఇప్పుడు తేలింది.

తమ్ముడు


గోదాము వెనక షెడ్డు,
శుక్రవారం

తమ్ముడికి,

వారంగా చినుకు లేదు. గాలి పొడిగా ఉంది, కోతలకి మంచిది. పదహారో జత మంగళవారం మధ్యాహ్నం నూనెలో ముంచాం.

శనివారమే నీ పొట్లం వచ్చింది. ఆదివారం మెషిన్ల వాళ్ళని మళ్ళీ పిలిచాను. ముందు ఏజెంటు వదిలివెళ్ళిన నీ మొదటి కాయితం నేనే చదివాను, ఒక్క మాట వదలకుండా. తర్వాత రెండోది చదివాను. సీలు లేదేమని ఒకాయన అడిగాడు. మైకు ఆ బిళ్ళ తీసుకుని వెనక్కి తిప్పి, బొటనవేలితో ఆ అంకెల మీద రుద్దాడు. గోటితో గీకాడు. “ఇది వాళ్ళ నంబరేనా?” అన్నాడు. అవునన్నాను. “నీ తమ్ముడి నంబరా?” అన్నాడు. అవునన్నాను. “మొదటిది పనికిరాదన్నవాడే కదా” అన్నాడు. అవునన్నాను. తర్వాత ఎప్పుడు బిగిస్తావని అడిగాడు. ఆ గొంతు గోదాము అవతల ఉన్నవాళ్ళకి కూడా వినబడింది.

పధ్నాలుగు మెషిన్లకి బిగించాం. ఇద్దరు రాలేదు, వాళ్ళు గేరు పెట్టెల కోసం ఆగుతామన్నారు. వాళ్ళ జతలు పేర్లు రాసి గుమ్మానికి వేలాడదీశాను. రాత్రిళ్ళు గాలికి గణగణమంటున్నాయి. మీ బావ నిద్ర పట్టడంలేదని తిడుతున్నాడు, తాడు తెచ్చింది మాత్రం ఆయనే.

రమ్మని రాయొద్దన్నావు, రాయను. సంచులు లెక్కపెట్టు, సరిగ్గా లెక్కపెట్టు. ఎప్పుడైనా కొలిచేవాడు కావాల్సి వస్తే మనిషి కోసం అడిగినట్టు అడుగుతాను, తమ్ముడి కోసం అడిగినట్టు కాదు. చెరుకు గానుగ వాళ్ళు గేరు ఒకటి తెచ్చి పెట్టారు, పళ్ళు సగం లేవు. ఈసారి అరగని చోటే ముందు వెతుకుతున్నాను. కట్టరు ఏది వాడాలో బొమ్మ గీసి పంపు. ఏ వైపుకి నడపాలో మాత్రం చెప్పకు.

ఏజెంటు బుధవారం సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. కోతలు గురువారం మొదలయ్యాయి. మైకు మెషిన్ పొద్దున అయిదున్నరకి వెళ్ళింది. ఆ వెనకే మిగతావి ఒక్కొక్కటే ఏడింటిదాకా వెళ్ళాయి. మీ బావ మన మెషిన్ తీసుకుని ఏడుంబావుకి వెళ్ళాడు.

అక్క